అమెరికా సమ్మర్ క్యాంపులో కౌన్సెలర్‌గా జే-1 వీసా మీద వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఖోఖో_గుంటూరు · డిసెంబరు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె. బీపీఈడీ చివరి ఏడాది చదువుతున్నాను. యూనివర్సిటీ ఖోఖో జట్టులో ఆడాను, సెలవుల్లో మా ఊరి హైస్కూలు పిల్లలకి నేర్పిస్తుంటాను. వచ్చే జూన్‌కి అమెరికాలో సమ్మర్ క్యాంపు కౌన్సెలర్‌గా, అంటే క్యాంపుకొచ్చిన పిల్లల్ని చూసుకుంటూ ఆటలు నేర్పే పనికి, వెళ్లాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే మూడున్నర లక్షలు అడిగారు. "ముందు జే-1 మీద వెళ్లిపో, అక్కడికెళ్లాక వేరే వీసాకి మేం మార్పిస్తాం, ఇంటర్వ్యూలో మాత్రం ఆ మాట ఎత్తకు" అన్నారు. ఆ చివరి మాటకే మా నాన్నకి అనుమానం వచ్చి లేచి వచ్చేశాం. డబ్బేమీ కట్టలేదు.

అసలు ఆ పని ఎలా ఉంటుంది? ఆడపిల్ల ఒంటరిగా వెళ్లొచ్చా? నేను మాంసం తినను, తిండికి ఇబ్బందా? చేతికి ఎంత మిగులుతుంది?

వీసా_వివరం · డిసెంబరు 6, రాత్రి 10:25

మీ నాన్నగారి అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ గడప మళ్లీ తొక్కకండి.

జే-1 అనేది 1961లో అమెరికా కాంగ్రెస్ చేసిన విద్యా సాంస్కృతిక మార్పిడి చట్టం కింద నడిచే కార్యక్రమం. చూసేది వాళ్ల విదేశాంగ శాఖ. అందులో "క్యాంప్ కౌన్సెలర్" అని విడిగా ఒక కేటగిరీ ఉంది. 18 ఏళ్లు నిండి ఉండాలి, ఇంగ్లీషు బాగా రావాలి, విద్యార్థో టీచరో పిల్లలతో పనిచేసే అనుభవం ఉన్నవారో లేదా ఏదైనా ప్రత్యేక విద్య చేతిలో ఉన్నవారో అయ్యుండాలి. మీరు ఈ మూడు నాలుగింటికీ సరిపోతారు. గరిష్ఠ కాలం నాలుగు నెలలు. ఏ క్యాంపులో పనో ముందే ఖాయం కావాలి, అక్కడికెళ్లి వెతుక్కోవడం కుదరదు.

వీసాకి మూలం డీఎస్-2019 అనే కాగితం. దాన్ని విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ మాత్రమే ఇవ్వగలదు. ఏ కేటగిరీకి ఎవరు స్పాన్సర్లో ఆ శాఖ జే-1 వెబ్‌సైట్‌లోనే జాబితా ఉంటుంది. మీరు వెళ్లిన కన్సల్టెన్సీ వాళ్లని ఒకటే అడగండి: "డీఎస్-2019 మీద స్పాన్సర్‌గా ఎవరి పేరు ఉంటుంది?" జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే విషయం తేలిపోతుంది.

ప్రభుత్వానికి కట్టేవి ఇవి: ఈ కేటగిరీకి సెవిస్ (విద్యార్థి, ఎక్స్చేంజ్ వీసాల వాళ్ల వివరాలుండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు) ఫీజు 35 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. 2025 జూలైలో చేసిన చట్టంలో 250 డాలర్ల కొత్త వీసా ఫీజు కూడా ఉంది కాబట్టి కట్టబోయే రోజు కాన్సులేట్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. ఇవిగాక స్పాన్సర్ ఫీజు, ఇన్సూరెన్స్, విమానం టికెట్. ఎలా లెక్కేసినా మూడున్నర లక్షలకి లెక్క కుదరదు.

"ఆ మాట ఎత్తకు" అన్నారు చూశారూ, అది అన్నిటికంటే ప్రమాదం. వీసా అధికారి దగ్గర అసలు ఉద్దేశం దాచారని తేలితే అది తప్పుడు సమాచారం కింద నమోదవుతుంది, జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. కన్సల్టెన్సీ వాడికి పోయేదేమీ లేదు.

హన్మకొండ_టీచరమ్మ · డిసెంబరు 7, ఉదయం 6:15

చెల్లీ, నేను పోయొచ్చిన. మెయిన్ రాష్ట్రంల ఒక సరస్సు ఒడ్డున ఉన్న ఆడపిల్లల క్యాంపు. ఇప్పుడు ఇక్కడ హన్మకొండల ప్రైమరీ స్కూల్ల చెప్తున్న. తీరికగ రాస్తున్న, ఓపికగ చదువు.

ముందుగాల ఒక్కటి మనసుల పెట్టుకో. ఇది అమెరికా చూసొచ్చే టూరు కాదు, పైసలు కూడబెట్టే కొలువు అంతకన్నా కాదు. పొద్దున గంట కొట్టినకాడి నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా పిల్లలు నీ చేతుల ఉంటరు. వాళ్ల క్యాబిన్‌లనే నీ మంచం. ఒక పిల్లకు నడిజామున కడుపునొప్పి లేస్తది, ఇంకొకామె పక్క తడుపుతది. ఆ పిల్ల సిగ్గుపడకుండ, పక్క మంచమోళ్లకు తెల్వకుండ దుప్పటి మార్చాలె. పిల్లలంటె ఇష్టం లేనోళ్లకు వారం తిరగకముందే ప్రాణం విసుగుతది. ఇష్టం ఉన్నోళ్లకు మాత్రం అసొంటి పని ఇంకోటి లేదు.

పిల్లలు రాకముందు దాదాపు వారం రోజులు ట్రైనింగ్ ఇస్తరు. నాకు అందుల బాగా గుర్తున్నది నీళ్ల దగ్గరి పద్ధతి. సరస్సు గట్టు మీద ఒక చెక్క బోర్డు, దానికి మేకులు. ప్రతి పిల్లకు పేరు రాసిన బిళ్ల ఉంటది. నీళ్లల్ల దిగేటప్పుడు బిళ్ల బోర్డుకు తగిలియ్యాలె, ఎక్కినంక తీసెయ్యాలె. దిగేది జంటలుగనే. కొన్ని నిమిషాలకోసారి లైఫ్‌గార్డ్ విజిల్ ఊదుతడు. ఊదంగనే ఏ జంటకు ఆ జంట చేతులు పట్టుకొని పైకెత్తి ఆగాలె. బోర్డు మీది బిళ్లలు, నీళ్లల్ల తలకాయలు లెక్క కుదిరినంకనే మళ్ల ఈత. ఒక్క బిళ్ల ఎక్కువొస్తె క్యాంపు మొత్తం పని ఆపేసి, కౌన్సెలర్లమంత చేతులు పట్టుకొని వరుసగ నీళ్లల్ల నడుస్కుంట ఎతకాలె. పిల్లలు రాకముందు దీన్ని మాతోని మళ్ల మళ్ల చేపిచ్చిన్రు. ఎండాకాలం వస్తె మన చెరువులల్ల, కాలువలల్ల మునిగిపోయిన పిల్లల వార్తలు పేపర్ల చూసినప్పుడల్ల నాకు ఆ బోర్డు యాదికొస్తది. దానికేమంత ఖర్చని? చెక్క, మేకులు, ఒక విజిల్.

ఆడపిల్ల సంగతి అడిగినవు. ఆడపిల్లల క్యాబిన్లల్ల ఆడ కౌన్సెలర్లే, అదిగూడ ఒక్కరు కాదు, ఇద్దరో ముగ్గురో. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోని ఒంటరిగ ఉండొద్దన్నది గట్టి రూలు, అది పిల్లలకు రక్షణ, మనకూ రక్షణ. నీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ గూడ అడుగుతరు, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంల తీసుకోవచ్చు. వారంల ఒక దినం సెలవు. ఆ దినం దగ్గరి ఊరికి పోవాలన్నా కార్ ఉన్నోళ్లు తోలుకపోవాలె, బస్సులు గిట్ల ఏముండయ్.

తిండి: పిజ్జా, పాస్తా, సలాడ్, బ్రెడ్, పండ్లు, చీజ్. కడుపు నిండుతది, నాలుకకు మాత్రం కారం కరువు. రాత్రి నెగడు కాడ మార్ష్‌మల్లో కాల్చి, చాక్లెట్‌తోని బిస్కట్ల నడుమ పెట్టి ఇస్తరు. మార్ష్‌మల్లోల జెలటిన్ ఉంటది, అది జంతువులది. రంగు రంగుల జెల్లీల గూడ అదే. నువ్వు తినవు గదా, ముందే చెప్పు, ఎవరేమనుకోరు. ఇంకొకటి, మీ అమ్మ ప్రేమతోని పల్లికారం కట్టిస్తది. వద్దను. చానా క్యాంపులల్ల పల్లీలు బంద్. అలర్జీ ఉన్న పిల్లకు ఊపిరాడకుండ అయితది, అందుకే గింజ పదార్థం గేటు లోపటికి రానియ్యరు. అసలు క్యాబిన్‌ల ఏ తిండీ పెట్టనియ్యరు, ఎలుకలు, కొన్ని చోట్ల ఎలుగుబంట్లు వస్తయ్.

మనం ఏం ఇచ్చి వస్తమన్నది గూడ ఉంటది గదా. నేను ఏడుపెంకులాట నేర్పిన. సరస్సు ఒడ్డున బల్లపరుపు రాళ్లకు కరువు లేదు, టెన్నిస్ బంతులు ఉండనే ఉన్నయ్. తెల్లారి చూస్తె నేను పిలవకముందే పిల్లలు రాళ్లు పేర్చుకొని కూసున్నరు. పరుగు రాని ఒక పొట్టి పిల్ల ఉండె, అన్ని ఆటలల్ల చివరికి మిగిలిపోయేది. రాళ్లు పేర్చుడుల ఆమె చేతివాటం ఎవరికీ రాలె. రెండు జట్లు ఆమె కోసం కొట్లాడినయ్.

ప్రొద్దుటూరు_మాస్టారు · డిసెంబరు 7, ఉదయం 8:50

టీచరమ్మ బాగా రాసినావు తల్లీ. రిటైరైన హెడ్మాస్టరుగా నాదొక సందేహం. ఏడెనిమిదేళ్ల పిల్లోళ్లను వారాల తరబడి అడవిలో, ముక్కూమొగం తెలియనోళ్ల దగ్గర వదిలిపెట్టేదానికి ఆ తల్లిదండ్రులకు మనసు ఎట్ల ఒప్పుతుంది? మనకు సెలవులంటే అమ్మమ్మోళ్ల ఊరు, మామిడితోపు, బావిలో ఈత. అది చాలదా?

డల్లాస్_నాన్న · డిసెంబరు 7, ఉదయం 9:35

మాస్టారూ, మీరడిగింది మా ఇంట్లోనూ నలిగింది. మా అమ్మాయిని మొదటిసారి పంపేటప్పుడు మా ఆవిడ, నేను చాలా మాట్లాడుకున్నాం. ఇక్కడ స్కూళ్లకి ఎండాకాలం రెండున్నర నెలల సెలవు. ఇద్దరం ఉద్యోగానికి పోతాం. అమ్మమ్మ విజయవాడలో ఉంది, మామిడితోపు నూజివీడులో ఉంది. పిల్ల ఏం చేయాలి? టాబ్లెట్ పట్టుకుని సోఫాలో కూర్చోవాలి.

అందుకని ముందు డే క్యాంపు, అంటే పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునేది. ఆ తర్వాత ఏడాది రాత్రులుండే క్యాంపు. చాలా వాటిలో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వరు. ఉత్తరం రాయాలి, కాగితం మీద, పెన్నుతో. మా అమ్మాయి మొదటి ఉత్తరంలో "నాన్నా నన్ను తీసుకెళ్లిపో" అని ఉంది. అది మాకు చేరేసరికి తను అక్కడ పాటలు పాడుతోందని క్యాంపు వాళ్లు పెట్టే రోజువారీ ఫొటోల్లో కనబడుతోంది. ఆ మధ్య రోజుల్లో తనని నిలబెట్టింది పంతొమ్మిదేళ్ల కౌన్సెలర్, స్కాట్లాండ్ నుంచి వచ్చిన అమ్మాయి. అందుకే ఖోఖో చెల్లికి చెబుతున్నా, తల్లిదండ్రులుగా మేం చూసేది ఆ క్యాబిన్‌లో పడుకునే మనిషి ఎవరన్నదే. కొలను ఎంత పెద్దది, గుర్రాలెన్ని అన్నది తర్వాత.

మీకు ఆఫర్ వచ్చిన క్యాంపుకి అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైట్‌లో చూడండి. పిల్లల భద్రత, సిబ్బంది శిక్షణ, ఆరోగ్య ఏర్పాట్లు పరిశీలించి ఇస్తారు. గుర్తింపు లేనివన్నీ చెడ్డవని కాదు, ఉంటే ఒక భరోసా.

హన్మకొండ_టీచరమ్మ · డిసెంబరు 7, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, ఈ క్యాంపులు అక్కడ మొదలైందే మీ అసొంటి ఒక హెడ్మాస్టరుతోని. కనెక్టికట్‌ల ఫ్రెడరిక్ గన్ అని బడి నడిపెటోడు. 1861ల తన పిల్లలను నడిపిచ్చుకుంట తోలుకపోయి నీళ్ల ఒడ్డున డేరాలు ఏసిండు. పడవలు, చేపలు, నడక. దాన్నే మొదటి సమ్మర్ క్యాంపని అంటరు. పట్నం పిల్లలకు చెట్టూ చేమా తెల్వకుండ పోతున్నదన్న బాధ అక్కడ అప్పుడే మొదలైంది. మనకు ఇప్పుడు మొదలైంది. మా స్కూల్ పిల్లలల్ల ఈత వచ్చినోళ్లు ఎందరో అడిగిన, చేతులు లేసినయ్ గని తక్కువే.

కిచెన్_తిరుపతి · డిసెంబరు 7, సాయంత్రం 5:45

నేను క్యాంపుకే వెళ్లాను కానీ కౌన్సెలర్‌గా కాదు, పెన్సిల్వేనియాలో పోకనోస్ కొండల్లో, కిచెన్ స్టాఫ్‌గా. అది కూడా జే-1 వీసానే, కేటగిరీ మాత్రం వేరు, సమ్మర్ వర్క్ ట్రావెల్. దానికి కాలేజీలో రెగ్యులర్‌గా చదువుతూ ఉండాలి. ఈ తేడా చెల్లెలు బాగా పట్టించుకోవాలి.

కిచెన్ పని అంటే మూడు పూటలా వందలమందికి వంట, వడ్డన, గిన్నెల మెషీన్. ఆవిరికి చొక్కా తడిసిపోతుంది. సాయంత్రాలు ఖాళీ దొరుకుతుంది, పిల్లల బాధ్యత ఉండదు. నాకు అది సరిపోయింది. కానీ మాతోపాటు ఒక అమ్మాయి, వేరే దేశం నుంచి కౌన్సెలర్ కాగితాల మీద వచ్చింది, నేరుగా లాండ్రీలో వేశారు. అడిగితే "సీజన్ మొదట్లో అందరూ అన్నీ చెయ్యాల్సిందే" అన్నారు. రెండో వారం కూడా అదే. తను స్పాన్సర్‌కి ఫోన్ చేసింది, వాళ్లు క్యాంపుతో మాట్లాడి క్యాబిన్‌కి మార్పించారు. కాబట్టి కాగితం మీద ఏ కేటగిరీ రాశారో, ఏ పని అని రాశారో, రెండూ చదివి సంతకం పెట్టండి.

వీసా_వివరం · డిసెంబరు 7, సాయంత్రం 6:30

తిరుపతి తమ్ముడు చెప్పిన దానికి రూలు ఉంది. కౌన్సెలర్లు కూడా క్యాంపులో అందరిలాగే కాస్త ఊడ్చడం, సర్దడం చేస్తారు, అందులో తప్పు లేదు. కానీ ఆఫీసు సిబ్బందిగానో వంటవాళ్లుగానో గిన్నెలు కడిగే, ఊడ్చే పనివాళ్లుగానో వాడుకోవడానికి ఈ కేటగిరీ కాదని నిబంధనల్లోనే రాసి ఉంది. అదే పని చేసే అమెరికన్ కౌన్సెలర్‌కి ఇచ్చేదానితో సమానంగా మీకూ ఇవ్వాలన్నదీ రూలే.

జీతం గురించి ఎవరూ విప్పి చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. గంటకి ఇంత అని లెక్కేసుకుని వెళ్తే నిరాశపడతారు. అమెరికా కార్మిక చట్టంలో కొన్ని నెలలే నడిచే సీజనల్ క్యాంపులకి కేంద్ర కనీస వేతనం, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అందుకే సీజన్ మొత్తానికి కలిపి ఒక మొత్తం ఇస్తారు. చాలా చోట్ల అది రెండు వేల డాలర్లకి అటూ ఇటూ. తిండి, పడక వాళ్లదే. జూన్‌లో రానూ పోనూ టికెట్ లక్ష దాటుతుంది, ఫీజులు ఉన్నాయి. ఇంటికి వచ్చేసరికి పెట్టిన ఖర్చు తిరిగొస్తే మంచి లెక్కే. అప్పు చేసి వెళ్లే పని కాదిది, నా అభిప్రాయంలో అసలు చేయకూడదు. వడ్డీకి తెచ్చిన మనిషి అక్కడ అన్యాయం జరిగినా నోరు విప్పలేడు.

నోరు విప్పడానికి దారులు మాత్రం ఉన్నాయి. వీసా ఇంటర్వ్యూ సమయంలో మీ హక్కుల గురించి ఒక చిన్న పుస్తకం ఇస్తారు, 2008 నాటి మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టం ప్రకారం ఇస్తున్నది అది. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకునే హక్కు మీది. విదేశాంగ శాఖ జే-1 వాళ్ల కోసమే అత్యవసర ఫోన్ లైన్ నడుపుతోంది, నంబరు విమానం ఎక్కకముందే రాసిపెట్టుకోండి. ఇన్సూరెన్స్‌లో ఒక్కో ప్రమాదానికీ జబ్బుకీ కనీసం లక్ష డాలర్ల వైద్య ఖర్చు కవరై ఉండాలని నిబంధన, పాలసీ కాగితంలో ఆ అంకె కనబడిందో లేదో చూడండి.

ఎమ్మెస్_ఆర్లింగ్టన్ · డిసెంబరు 8, తెల్లవారుజాము 2:05

అన్నా, నేను టెక్సాస్‌లో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తున్నాను. సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ దొరక్కపోతే ఇలాంటి క్యాంపులో చేరొచ్చా? ఒకరు క్యాష్ ఇస్తామంటున్నారు.

వీసా_వివరం · డిసెంబరు 8, ఉదయం 7:20

వద్దు తమ్ముడూ. ఎఫ్-1 మీద క్యాంపస్ బయట పని చేయాలంటే మామూలుగా సీపీటీనో (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) ఓపీటీనో (చదువుకి తగ్గ పని అనుభవానికి ఇచ్చే అనుమతి) ఉండాలి, అది కూడా నీ చదువుకి సంబంధించిన పనే అయ్యుండాలి. పిల్లలకి కోడింగ్ నేర్పే క్యాంపు అయితే నీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుని అడుగు, సీపీటీకి ఒప్పుకుంటారేమో వాళ్లే చెప్పాలి. క్యాష్ మాట విన్నప్పుడే దండం పెట్టి వచ్చేయ్. కొన్ని వారాల జీతానికి రెండేళ్ల చదువు పణంగా పెట్టకు.

ఖోఖో_గుంటూరు · డిసెంబరు 14, రాత్రి 8:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. నాన్నకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. విదేశాంగ శాఖ జాబితాలో ఉన్న ఒక స్పాన్సర్‌కి నేరుగా దరఖాస్తు పెట్టాను. వీడియో కాల్‌లో మాట్లాడారు, మా స్కూలు పిల్లలకి నేర్పిస్తున్న వీడియో అడిగారు, పంపాను. మళ్లీ కొన్ని ప్రశ్నలు: ఇంటర్వ్యూలో ఏమడుగుతారు? సోషల్ మీడియా పబ్లిక్‌గా పెట్టాలంటున్నారు, నిజమేనా? అక్కడ టాక్స్ కట్టాలా?

వీసా_వివరం · డిసెంబరు 14, రాత్రి 9:30

సోషల్ మీడియా సంగతి నిజమే. 2025 మే చివర్లో విద్యార్థి, ఎక్స్చేంజ్ వీసాలకి కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపారు, జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎఫ్, ఎం, జే దరఖాస్తుదారులందరూ అకౌంట్లు పబ్లిక్‌లో ఉంచాలన్నారు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఐదేళ్లుగా వాడిన అకౌంట్లన్నీ రాయాలి, ఏదీ వదలకండి. అప్పుడు తేదీలు ఆగినందుకే చెబుతున్నాను, డీఎస్-2019 చేతికి రాగానే ఇంటర్వ్యూ స్లాట్ చూసుకోండి, మే దాకా ఆగకండి. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు బేగంపేటలో లేదు, 2023 నుంచి నానక్‌రాంగూడలో ఉంది.

అధికారి ముఖ్యంగా తేల్చుకోవాల్సింది, క్యాంపు అయ్యాక మీరు వెనక్కి వస్తారా అని. మీ జవాబు మీ దగ్గరే ఉంది: పీఈటీ ఉద్యోగం, ఊళ్లో పిల్లలు, కుటుంబం. కంఠతా పట్టిన ఇంగ్లీషు వద్దు. "పిల్లలు ఆటలో కొట్టుకుంటే ఏం చేస్తావు?" అని అడిగినా మీరు నిజంగా ఏం చేస్తారో అదే చెప్పండి. క్యాంపు ముగిశాక 30 రోజుల గడువుంటుంది, అది తిరగడానికి, సర్దుకోవడానికి మాత్రమే. ఆ రోజుల్లో రూపాయి పని కూడా చేయకూడదు.

హన్మకొండ_టీచరమ్మ · డిసెంబరు 15, ఉదయం 6:05

చెల్లీ, సామాన్లల్ల ఇవి మర్చిపోకు: వానకోటు, టార్చిలైటు, నిండు చేతుల చొక్కాలు, పొడుగు సాక్సులు, మంచి బూట్లు. అమెరికా ఈశాన్య రాష్ట్రాలల్ల గడ్డిల టిక్స్ అని చిన్న పురుగులుంటయ్, కరిస్తె లైమ్ అనే జబ్బొస్తది. అడవి నడక అయినంక ప్రతి పిల్లకు మోకాళ్ల ఎనుక, చెవుల ఎనుక, జుట్టు మొదట్ల చూసుడు నీ పనే. మూడు ఆకులు కలిసున్న పాయిజన్ ఐవీ తీగ జోలికి పోవద్దు, ఒళ్లంత పొక్కులొస్తయ్. జూన్‌ల గూడ మెయిన్ రాష్ట్రంల రాత్రులు చలిపెడతయ్, ఒక స్వెటర్ పెట్టుకో.

ఖోఖో నేర్పుతనని ఇప్పుడే క్యాంపు డైరెక్టర్‌కు మెయిల్ రాయి. సీజన్ ప్లాన్ వాళ్లు ఎండాకాలం రాకముందే వేసుకుంటరు, పోయినంక అడిగితె తీరిక దొరకది.

కిచెన్_తిరుపతి · డిసెంబరు 15, రాత్రి 10:20

టాక్స్ నేను చెబుతాను, నేనే ఫైల్ చేసుకున్నాను కాబట్టి. వెళ్లగానే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి (జీతానికీ టాక్స్‌కీ అక్కడ వాడే గుర్తింపు నంబరు) అప్లై చేయాలి. స్పాన్సర్ దగ్గర చెక్-ఇన్ చేసి, వాళ్లు సెవిస్‌లో మీ రికార్డు యాక్టివేట్ చేశాకే ఆ ఆఫీసుకి వెళ్లండి, లేకపోతే తిప్పి పంపుతారు. మనం నాన్-రెసిడెంట్లం కాబట్టి జీతంలో సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (పెద్దవయసు వైద్యం) కోత ఉండకూడదు. మొదటి పే స్లిప్‌లో ఆ గడులు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి, కోసి ఉంటే వెంటనే క్యాంపు ఆఫీసుకి చెప్పండి, ఇంటికొచ్చాక రాబట్టుకోవడం చాలా ప్రయాస. ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్, కొన్ని రాష్ట్రాల్లో స్టేట్ టాక్స్ మాత్రం కోస్తారు.

తర్వాతి ఏడాది జనవరి నెలాఖరుకల్లా క్యాంపు డబ్ల్యూ-2 ఫారం (ఏడాది జీతం, కోతల లెక్క) ఇవ్వాలి. దాన్నిబట్టి 1040-ఎన్‌ఆర్ (నాన్-రెసిడెంట్ల టాక్స్ రిటర్న్), దాంతోపాటు 8843 అనే ఫారం, ఏప్రిల్ 15 లోపు పంపాలి. ఎక్కువ కోసి ఉంటే వెనక్కి వస్తుంది. డబ్ల్యూ-2 పోస్టులో వచ్చే క్యాంపులు ఇంకా ఉన్నాయి. బయల్దేరేముందు ఆఫీసులో మీ ఊరి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా రాయించి, ఈమెయిల్‌లో కూడా పంపమని అడగండి. అమెరికా బ్యాంకు ఖాతా మాత్రం రీఫండ్ వచ్చేదాకా మూయకండి. మన రూపాయి ఖాతాకి వాళ్లు నేరుగా వేయరు.